సిస్టరమ్మ లెడ్జరు

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. బి.కాం. తప్ప వేరే చదువు లేదు. అలాంటివాడు మనసు జబ్బుల గురించి, వాటి మందుల గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. న్యాయమే. అయితే మా ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే పెద్దలు చెప్పే మాట ఒకటుంది. అప్పు మంజూరు చేయడం ఒక పూట పని, ఇచ్చిన అప్పును కనిపెట్టుకుని ఉండడం ఏళ్ళ తరబడి పని. మనసు జబ్బుకు మందు ఇవ్వడం కూడా అచ్చం ఇలాంటిదే. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, మా ఊరు మోకలో కళ్ళారా చూశాను. మన పత్రిక చదివే కుటుంబాలకు ఉపయోగపడుతుందనే ఆశతో రాస్తున్నాను.

కిందటి సంక్రాంతికి మా మేనకోడలు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ నర్సుగా ఉద్యోగం చేస్తూనే పైచదువు చదివి సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అయింది. ఆ మాట వినగానే ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది. "నర్సు మందు రాసేదేమి? అది డాక్టరు పని కదా?" అని మా అక్క. "ఉండి ఉండి పిచ్చోళ్ళ దగ్గర పనా?" అని మరో పెద్దమనిషి. పిల్ల ఓపిగ్గా చెప్పింది. నర్సుగా రిజిస్టరైన వాళ్ళు ఆ పైన మాస్టర్సో డాక్టరేటో చేసి, జాతీయ స్థాయి పరీక్ష ప్యాసైతే అక్కడ ఈ హోదా వస్తుందట. రోగితో మాట్లాడి జబ్బు ఏమిటో నిర్ణయించడం, మందు రాయడం, డోసు పెంచడం తగ్గించడం అన్నీ వాళ్ళు చేయవచ్చు. సగానికి పైగా రాష్ట్రాల్లో సొంత బాధ్యత మీదే చేస్తారు. మిగతా చోట్ల డాక్టరుతో ఒప్పందం ఉండాలి.

చివర్లో ఒక మాట అంది. "మామా, మందు రాసేదానికి పది నిమిషాలు పట్టదు. ఆ మందు మనిషిలో ఏం చేస్తాందో అడిగి తెలుసుకునేదానికే నా దినమంతా పోతాది."

"ఆ పని మన మోకలో నేను కాలేజీలో చేరిన ఏడే చూసినానమ్మా" అన్నాను. నమ్మలేదు. అప్పుడు చెప్పిన కథే ఇది.

మోక బళ్ళారి తాలూకాలో, హగరి వాగు పక్కన ఉన్న ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి తాలూకా మైసూరు వైపు నిలిచింది. దాంతో మా అత్తలూ మేనమామలూ ఒక రాష్ట్రంలో, మేము ఒక రాష్ట్రంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఈ భాషల సంగతి ఊరికే చెప్పడం లేదు. ముందు ముందు దానితో పని ఉంది.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. మనోవైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అదీ పట్నాల్లో. పల్లెల్లో జనం కోట్లు. మరి ఎలా? బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు ఊరి బయట సకలవార అనే పల్లెలో అంతకు ముందే ఒక కేంద్రం పెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని మామూలు డాక్టర్లకూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ ఈ పని నేర్పవచ్చునా అని చూశారు. నేర్పవచ్చునని తేలింది. అయితే ఒక పల్లెలో కుదిరినది ఒక జిల్లా మొత్తంలో కుదురుతుందా? అది తేల్చడానికి వాళ్ళు ఎంచుకున్న జిల్లా మన బళ్ళారి. 1985 నుంచి 1990 దాకా నడిచింది. నిమ్హాన్స్ ఆచార్యులు ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజక్ వంటి వారు ముందుండి నడిపించారు. ప్రపంచమంతా ఇప్పటికీ దీన్ని బళ్ళారి నమూనా అనే చెప్పుకుంటుంది. గనుల గురించీ ఎండల గురించీ పేరు మోసిన మన బళ్ళారికి ఈ పేరు కూడా ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ నమూనాలో ఆశ్చర్యపడేంత గొప్ప యంత్రాలేమీ లేవు. ఆరోగ్య కేంద్రాల సిబ్బంది అందరికీ శిక్షణ. ఆరు రకాల మందులు ప్రతి కేంద్రంలో నిలవ. ప్రతి రోగికీ ఒక చిన్న కేసు కాగితం. నెల నెలా జిల్లాకు నివేదిక. జిల్లా ఆరోగ్యాధికారి సమీక్ష. కష్టమైన కేసులు చూడడానికి బళ్ళారిలో ఒక మనోవైద్య బృందం. ఆ ఆరు మందుల పేర్లు కూడా చెబుతాను. మతిభ్రమణకు క్లోర్‌ప్రొమజిన్ మాత్ర, ఫ్లూఫెనజిన్ ఇంజక్షను. వాటి వల్ల వచ్చే వణుకూ బిగువూ తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్. దిగులు జబ్బుకు అమిట్రిప్టిలిన్. మూర్ఛకు ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్. అంతే. అన్నీ చవక మందులే.

ఇక మా ఇంటి సంగతి. మా చిన్నాయన సేద్యగాడు. కాలువ నీళ్ళతో వరి, మెట్టలో పత్తి పెట్టేవాడు. 1986లో, ముప్పై దాటిన వయసులో, ఆయన తీరు మారింది. రాత్రుళ్ళు నిద్రపోడు. గోడ అవతల ఎవరో తన పొలం కాగితాల గురించి మాట్లాడుకుంటున్నారనేవాడు. చిన్నమ్మ పెట్టిన అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేసేవాడు. మా అవ్వ గాలి సోకిందంది. దిష్టి తీశారు, అంత్రాలు కట్టించారు, మంత్రాలయం రాఘవేంద్రస్వామికి మొక్కుకున్నారు. ఒక రోజు గొడ్డలి పట్టుకుని గట్టు మీదికి వెళ్ళేసరికి బంధువులు పట్టుకొచ్చి పశువుల కొట్టంలో కాలికి పగ్గం వేసి గుంజకు కట్టారు. చెడ్డవాళ్ళు కాదు, భయపడ్డవాళ్ళు. పదకొండు రోజులు అలా ఉన్నాడు.

పసిపిల్లలకు టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ కొట్టంలో ఆయన్ని చూసింది. ఊళ్ళో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళు. టీకాల పెట్టె అరుగు మీద పెట్టి, కొట్టంలోకి పోయి కింద కూర్చుంది. కన్నడం ఆమె ఉద్యోగ భాష. కానీ చిన్నాయనతో తెలుగులోనే, మా ఊరి తెలుగులోనే మాట్లాడింది.

"రాత్రి నిద్ర పడతాందా నాయనా? అన్నం సయిస్తాందా? మనిషి కనపడకుండా మాటలు ఇనపడతాండాయా? అవి నీతో మాట్లాడతాయా, నీ గురించి మాట్లాడుకుంటాయా? చచ్చిపోతే బాగుండనిపిస్తాందా?" మధ్యలో మా నాయనను అడిగింది: జ్వరం వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, సారాయి తాగుతాడా, ఎన్నాళ్ళ నుంచి ఇట్లా, ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఉండిందా?

ఆ ప్రశ్నల విలువ నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు మేనకోడలు చెబితే తెలిసింది. మనసు జబ్బుకు ఎక్స్‌రే లేదు, జబ్బు పేరు తేల్చే రక్తపరీక్ష లేదు. అడగడమే పరీక్ష. ఆ అడగడంలో ముందు కొట్టివేయవలసినవి కొన్ని ఉంటాయి. జ్వరం తలకెక్కినా, తాగుడు హఠాత్తుగా మానినా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే కనిపించవచ్చు. వాటికి సంబంధించిన పరీక్షలు అందుకే చేయిస్తారు. అవి కావని తేలిన తరువాతే మనసు జబ్బు పేరు. ఎన్నాళ్ళుగా ఉందన్నది కూడా ముఖ్యమే. నాలుగు రోజుల తిక్క వేరు, నెలల తరబడి సాగే జబ్బు వేరు. సిస్టరమ్మ జబ్బు పేరు చెప్పలేదు. ఆమెకు ఆ అధికారం లేదు. తన కాగితంలో రాసుకుని, పగ్గం విప్పించి, మా నాయనను వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు చూసి స్కిజోఫ్రీనియా అని చెప్పి మందు మొదలుపెట్టాడు. అవ్వ మొక్కు సంగతి ఎత్తితే సిస్టరమ్మ కాదనలేదు. "మొక్కు మొక్కేనవ్వా, మాత్ర మాత్రే. రెండూ నడవనీ" అంది.

మూడు వారాలకు నిద్ర కుదిరింది. రెండు నెలలకు గోడ అవతలి మాటలు సన్నగిల్లాయి. ఆరు నెలలకు నాగలి పట్టాడు. ఇంతటితో కథ అయిపోయిందనుకున్నాం. అసలు కథ అక్కడే మొదలైంది.

బాగైన మనిషికి మందెందుకు అన్నారు చుట్టాలు. చిన్నాయనకూ మాత్రంటే విసుగే. పగలు మాత్ర వేసుకుంటే గట్టు మీదే తూలు వచ్చేది, చేతులు వణికేవి, నోరెండేది, ఎండకు ఒళ్ళు మండేది. ఎవరికీ చెప్పకుండా మానేశాడు. కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. అదే ఈ జబ్బుల్లోని మోసం. అప్పు కట్టడం మానేసిన మర్నాడే ఎవరి పొలమూ వేలానికి రాదు. మందు మానిన మర్నాడే జబ్బూ తిరగబెట్టదు. అందుకే మానడం తప్పు కాదనిపిస్తుంది. తరువాతి వేసవిలో గోడ అవతలి మనుషులు తిరిగి వచ్చారు.

సిస్టరమ్మ ఈసారి వచ్చి తిట్టలేదు. "ఎందుకు మానినావు?" అని అడిగి, ఆయన చెప్పిన ఒక్కో కారణమూ రాసుకుంది. తూలు, వణుకు, ఎండ. ఆ కాగితం డాక్టరుకు చూపించింది. డాక్టరు మాత్రలు రాత్రికి మార్చాడు, డోసు సవరించాడు, వణుకుకు వేరే మాత్ర కలిపాడు. అయినా రోజూ మింగడం కుదరదని తేలినప్పుడు నెలకొకసారి వేసే ఇంజక్షనుకు మార్చాడు. డోసు మార్చింది డాక్టరే. మార్చడానికి కారణం తెచ్చి చేతిలో పెట్టింది నర్సు. మా మేనకోడలు చదివిన చదువులో మందుల నిర్వహణ అనే మాటకు అర్థం ఇదేనట.

సిస్టరమ్మ దగ్గర అట్ట చినిగిన రిజిస్టరొకటి ఉండేది. ఎడమ వైపు పేర్లు, కుడి వైపు నెలలు. వచ్చి మందు తీసుకున్నవాళ్ళకు టిక్కు, రానివాళ్ళకు సున్న. సున్న పడిన వారంలోనే ఆమె ఆ ఇంటి గడపలో ఉండేది. నేను బ్యాంకులో చేరాక ఎన్నో లెడ్జర్లు రాశాను, ఎన్నింటినో తనిఖీ చేశాను. వాయిదా తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుందని మా నియమం. ఆమె మొదటి సున్నకే లేచి వచ్చేది. అందుకే ఆమె లెడ్జరులో మొండి బాకీలు తక్కువ.

ఇంకొక పరీక్ష ఎదురైంది మాకు. చిన్నాయన పెద్ద కూతురికి ఆలూరు వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. అవతలివాళ్ళు ఇంటికి వచ్చేరోజు మందుల డబ్బా దాచమని, నెల ఇంజక్షను ఒక్క నెల ఆపమని పెద్దలు సలహా ఇచ్చారు. ఆపితే ఏమవుతుందో అప్పటికే తెలిసిన మా నాయన ఒప్పుకోలేదు. పెళ్ళివారికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. ఆ సంబంధం పోయింది. చిన్నమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏడాదిన్నర తరువాత ఇంకొక సంబంధం వచ్చింది. వాళ్ళకూ అదే చెప్పాడు. పిల్లవాడి తల్లి అడిగింది ఒకే మాట: "మందు సక్రమంగా తీసుకుంటాడు గదా?" ఆ పెళ్ళిలో చిన్నాయనే కాళ్ళు కడిగి కన్యాదానం చేశాడు. 2011లో గుండెపోటుతో పోయేదాకా సేద్యం వదల్లేదు. జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. అణిగి ఉంది. ఆ అణిగి ఉన్న పాతికేళ్ళలో ఇద్దరు పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ జరిగాయి.

బళ్ళారిలో కుదిరినదాన్ని ఆధారం చేసుకుని కేంద్ర ప్రభుత్వం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది. అందులో మన తెలుగు జిల్లా మెదక్ కూడా ఒకటి. తరువాత దేశమంతా విస్తరించింది. అన్ని చోట్లా బళ్ళారిలాగా నడిచిందని మాత్రం చెప్పలేం. చాలా జిల్లాల్లో మందుల సరఫరా మధ్యలో తెగిపోయింది, మనోవైద్యుల పోస్టులు ఖాళీగా ఉండిపోయాయి, శిక్షణ పొందినవాళ్ళు బదిలీ అయ్యారు. శిక్షణ ఒకసారి ఇస్తే చాలదు, లెడ్జరు రోజూ రాయాలి. 2015, 2016లలో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి నూటికి డెబ్బై నుంచి తొంభై రెండు మంది దాకా చికిత్స అందనివాళ్ళే ఉన్నారని తేలింది.

చట్టం మాత్రం ముందుకు నడిచింది. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన మనోరోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక కాలిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు మా కొట్టమే గుర్తుకొచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ రోగిని గొలుసులతో కట్టరాదంటుంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బుల చికిత్సకూ బీమా ఇవ్వాలంటుంది. బ్యాంకువాడిగా రెండోది నొక్కి చెబుతున్నాను. మీ పాలసీ కాగితం తీసి ఒకసారి చూసుకోండి.

మన దేశంలో నర్సులు మనోవ్యాధి మందు సొంతంగా మొదలుపెట్టే పద్ధతి అమెరికాలోలాగా లేదు. మొదలుపెట్టేదీ మార్చేదీ డాక్టరే. ఉండాలా వద్దా అన్న వాదన పెద్దలకు వదిలేస్తాను. నాకు తెలిసినంతలో రెండు చోట్లా ఉమ్మడి విషయం ఒకటుంది. మనిషి పక్కన కూర్చుని, అతని భాషలో, నెల నెలా అడిగేవాళ్ళు ఉంటేనే మందు పనిచేస్తుంది.

సొంతగడ్డకు దూరంగా ఉన్న మనబోటి కుటుంబాలకు ఇదే కష్టం. బెంగుళూరులోనో, ముంబయిలోనో, డాలస్‌లోనో అపార్టుమెంటులో ఉండే మనకు గడపలోకి వచ్చే సిస్టరమ్మ లేదు. ఆ లెడ్జరు మనమే రాయాలి. అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

ఒక నోటుబుక్కు పెట్టండి. మందు పేరు, డోసు, వేళ, నిద్ర, ఆకలి, బరువు, కొత్తగా వచ్చిన ఇబ్బంది, ఇవి రాయండి. కొన్ని మందులకు బరువూ చక్కెరా పెరుగుతాయి. లిథియం వంటి వాటికి రక్తంలో మోతాదు ఎప్పటికప్పుడు చూడాలి. డాక్టరు దగ్గర ఉండే పది నిమిషాల్లో ఇవన్నీ నోటికి రావు, పుస్తకం చెబుతుంది.

దిగులు మందులు వేసిన మర్నాడే పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఆ లోపల లాభం లేదని మానకండి. బాగైందని కూడా సొంతంగా మానకండి. ఎప్పుడు తగ్గించాలో, అసలు తగ్గించవచ్చో లేదో రాసినవాళ్ళనే అడగండి. నిద్రమాత్రలు మాత్రం పక్కింటివాళ్ళు చెప్పారని ఏళ్ళ తరబడి మింగకండి. వాటిలో కొన్ని అలవాటు పడిపోయే రకం.

ఊరి నుంచి వచ్చిన అమ్మనో నాన్ననో పరాయి భాష డాక్టరు దగ్గరికి తీసుకుపోతే దుబాసీ పని జాగ్రత్తగా చేయండి. మన పెద్దవాళ్ళు దిగులుగా ఉందని చెప్పరు. నడినెత్తిన మంట, గుండెదడ, ఒంట్లో సత్తువ లేదు, ఎవరి మీదా మనసు పోవడం లేదు అంటారు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. మీరే సర్దుబాటు చేసి చెబితే జబ్బు పేరే మారిపోవచ్చు. చచ్చిపోవాలని ఉందా అన్న ప్రశ్నను సిగ్గుపడి దాటవేయకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటపడుతుంది. భారతదేశంలో ఉన్నవాళ్ళకు 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకు 988.

ఆఖరుగా, అడిగే పని ఇంట్లో ఒకరే మోయకూడదు. చిన్నమ్మ ఒక్కతే మోసిన రోజులు నేను చూశాను. వారం వారం వంతులు వేసుకోండి. దూరాన ఉన్న అన్నదమ్ములు వీడియోలో పలకరించి కూడా అడగవచ్చు. అడిగే తీరు మాత్రం పోలీసు తీరుగా ఉండకూడదు. "మాత్ర మింగినావా నాయనా?" అని సిస్టరమ్మ అడిగినప్పుడు మా చిన్నాయన ఒక్కోసారి లేదని నిజం చెప్పేవాడు. నిజం చెప్పగలిగేటట్టు అడగడమే ఆ పనిలో ఉన్న విద్య అంతా.

మా మేనకోడలు తిరుగు ప్రయాణం కట్టే ముందు సిస్టరమ్మ పేరడిగి రాసుకుంది. మా అక్క కూడా ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మా పాప మనసు డాక్టరమ్మ లాంటి నర్సు" అని చెబుతోంది. మన సంఘంలో నర్సులు, డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఉగాది సమావేశంలో ఒక గంట సేపు వాళ్ళను కూర్చోబెట్టి, మన కుటుంబాలు భయం లేకుండా తెలుగులో ప్రశ్నలడిగే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి నా మనవి. కుర్చీలు వేయడానికీ, ఖర్చు లెక్కలు రాయడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.